పీచు పెంచినా పెరిగిన పొట్ట: ఉదర స్థూలకాయంలో ఏడాది పాటు గమనించిన ఒక కేసు

ఈ కేసును రాయాలనిపించడానికి కారణం చివరికి వచ్చిన ఫలితం కన్నా మొదటి నాలుగు వారాల్లో ఎదురైన వైఫల్యం. ఆ నాలుగు వారాల్లో రోగి రోజూ తీసుకునే పీచు పదార్థం 13 గ్రాముల నుంచి 29 గ్రాములకు పెరిగింది; అదే సమయంలో ఆయన నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్ల నుంచి 105.5 సెంటీమీటర్లకు చేరింది. పీచు ఎక్కువగా తింటే పొట్ట తగ్గుతుందని మేము రోగులకు రోజూ చెప్పే మాటకు ఇది పూర్తిగా విరుద్ధం. పొరపాటు ఎక్కడ జరిగిందో వెతికి, దాన్ని సరిదిద్ది, ఆ తరువాత పదకొండు నెలలు కొలతలు తీసుకుంటూ వచ్చాక, పీచు పొట్ట మీద ఏ దారిన పనిచేస్తుందో నాకు మునుపటికన్నా స్పష్టంగా అర్థమైంది. రోగి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను.

మొదటి సందర్శన

రోగి 46 ఏళ్ల పురుషుడు. రోజుకు తొమ్మిది గంటలకు పైగా కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. పొగతాగడం, మద్యం అలవాట్లు లేవు. క్రమం తప్పకుండా వేసుకునే మందులూ లేవు. తండ్రికి యాభై ఏళ్ల వయసులో మధుమేహం బయటపడింది. ఆయన నా దగ్గరకు వచ్చింది పొట్ట గురించి అడగడానికి కాదు, రక్తపరీక్షల కాగితంలో ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని ఒక రకం కొవ్వు) అంకె పక్కన ఉన్న ఎర్ర గుర్తు చూసి కంగారుపడి వచ్చారు.

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 81.5 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే సూచిక) 28.9. రక్తపోటు 134/86. పరగడుపు గ్లూకోజు డెసీలీటరుకు 109 మిల్లీగ్రాములు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపేది) 6.0 శాతం, ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 37, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 138, కాలేయ ఎంజైము ఏఎల్‌టీ 58. అల్ట్రాసౌండ్‌లో కాలేయంలో కొవ్వు మొదటి దశలో ఉన్నట్టు తేలింది. మధుమేహం, గుండె జబ్బుల ముప్పును పెంచే లక్షణాల గుంపైన మెటబాలిక్ సిండ్రోమ్‌ను నిర్ధారించడానికి చూసే అయిదు అంశాల్లో, అంటే నడుము, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, రక్తపోటు, పరగడుపు గ్లూకోజుల్లో, ఏ మూడు హద్దు దాటినా ఆ నిర్ధారణ చేస్తారు; ఈయనకు అయిదూ హద్దు దాటాయి.

నడుము కొలిచిన తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం ఆ టేపు మీదే ఆధారపడి ఉంది. చొక్కా పైకెత్తి, అట్టడుగు పక్కటెముక అంచును, తుంటి ఎముక పై అంచును వేలితో తడిమి గుర్తుపెట్టి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలిన క్షణంలో అంకె చూశాం. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. నేలకు సమాంతరంగా ఉండాలి. వెనుక వైపు కిందికి జారితే రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఆయనకు 104 వచ్చింది. అది వినగానే ఆయన నమ్మలేదు. తన ప్యాంటు సైజు పదేళ్లుగా మారలేదని, అది 34 అంగుళాలని, అంటే 86 సెంటీమీటర్లేనని వాదించారు. ఆయన చెప్పిందీ నిజమే. బెల్టు పెట్టుకునే చోటు ఏటా కొంచెం కొంచెం కిందికి జారి, పొట్ట ఉబ్బు కింద, తుంటి మీదికి చేరింది. ప్యాంటు చుట్టుకొలత అక్కడిది, పొట్టది కాదు. పొట్ట పెరిగిన సంగతి చాలామంది పురుషులకు ఏళ్ల తరబడి తెలియకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. అందుకే ప్యాంటు సైజును నేను ఎన్నడూ లెక్కలోకి తీసుకోను.

నడుము హద్దు అందరికీ ఒకటి కాదు. ఆసియా సంతతి పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లను హద్దుగా తీసుకుంటారు. యూరప్ సంతతి పురుషులకు 94 అని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య నిర్ణయించింది. ఈ తేడాలతో పని లేకుండా వాడుకోగలిగిన కొలత మరొకటి ఉంది: నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు. ఈయనకు ఆ నిష్పత్తి 0.62.

ఈ పొట్టలోని కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. చర్మం కింద ఉండి, వేళ్లతో పట్టుకుంటే అందేది ఒకటి. పేగుల చుట్టూ, వాటిని పట్టి ఉంచే పొరల్లో పేరుకునేది రెండోది. ఈయన పొట్ట వేళ్లకు అందే రకం కాదు. బిగువుగా, గుండ్రంగా, పక్కకు తిరిగి పడుకున్నా ఆకారం మారకుండా ఉంది. ఈ లోపలి కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలలో చాలా భాగం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయంలో కొవ్వు, ట్రైగ్లిజరైడ్ల పెరుగుదల, ఇన్సులిన్ మాట శరీరం వినకపోవడం, ఈ మూడూ ఒకరిలోనే కలిసి కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

నేను ఇచ్చిన మొదటి సలహా

రెండు పనిరోజులు, ఒక సెలవురోజు కలిపి మూడు రోజుల ఆహార డైరీ రాయించాను. రోజుకు సుమారు 2,350 కిలోక్యాలరీలు, పీచు 13 గ్రాములు. తినేది చాలా మటుకు పాలిష్ పట్టిన ధాన్యం, మైదా, కూరగాయలు నామమాత్రం, పండు అంటే ఉదయం ఒక పెద్ద గ్లాసు రసం, సాయంత్రం బిస్కెట్లు. డైరీలో ఆయన తనంతట తాను రాసిన ఒక మాట నాకు బాగా ఉపయోగపడింది: మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం. మూడు రోజుల్లోనూ ఎనిమిది నిమిషాలు దాటలేదు.

పెద్దవాళ్లు రోజుకు కనీసం 25 గ్రాముల సహజమైన పీచు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రతి 1,000 కిలోక్యాలరీలకు 14 గ్రాములు ఉండాలన్నది మరో లెక్క. దాని ప్రకారం ఈయనకు 33 గ్రాములు కావాలి, ఉన్నది అందులో సగం కూడా లేదు.

ఆ రోజు నేను ఆయనకు ఒకే ఒక్క లక్ష్యం ఇచ్చాను: రోజుకు 30 గ్రాముల పీచు. ఒకే లక్ష్యం ఇవ్వడానికి నాకొక ఆధారం ఉంది. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 240 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎన్నో నియమాలున్న పూర్తి ఆహార ప్రణాళికను, రెండో జట్టుకు రోజుకు 30 గ్రాములు లేదా అంతకు మించి పీచు తినమన్న ఒక్క మాటను ఇచ్చి ఏడాది పాటు గమనించిన ఒక పరీక్ష 2015లో ప్రచురితమైంది. మొదటి జట్టు సగటున 2.7 కిలోలు, రెండో జట్టు 2.1 కిలోలు తగ్గాయి. ఎన్నో నియమాలు పాటించలేని మనిషికి ఒక్క నియమం ఇచ్చినా దాదాపు అంతే ఫలితం వస్తుందన్నది అందులో నాకు నచ్చిన విషయం. ఏయే పదార్థంలో ఎంత పీచు ఉంటుందో రాసిన ఒక కాగితం చేతికిచ్చి, నాలుగు వారాల తరువాత రమ్మని పంపాను.

నాలుగో వారం

ఆయన చెప్పినరోజుకే వచ్చారు, ముఖంలో అలసట కనిపించింది. కూర్చోగానే, "డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే పీచు పెంచాను కదండీ, ఒక్క రోజు కూడా తప్పలేదు. మరి పొట్ట ఇంకా పెరిగిందేమిటి?" అని అడిగారు. బరువు 82 కిలోలు. టేపు 107 చూపింది. పొట్ట మీద వేలు పెట్టి తట్టి చూస్తే డప్పులా మోగింది, అంటే లోపల గాలి ఉంది. అప్పుడు సాయంత్రం ఆరు గంటలు. మర్నాడు పొద్దున మలవిసర్జన తరువాత, ఏమీ తినకముందు మళ్లీ కొలిస్తే 105.5 వచ్చింది. ఒక్క రాత్రిలో తగ్గిన ఆ ఒకటిన్నర సెంటీమీటరు గ్యాస్‌దీ, అంతకు ముందు తిన్న భోజనానిదీ, మిగిలిన పెరుగుదల వాటిది కాదు. ఆ రోజు నుంచి ఆయన కొలతలన్నీ ఉదయం పూటే తీసుకున్నాం, ఇప్పుడు మిగతా రోగులకూ అదే నియమం పెట్టాను. పీచు పెంచిన తొలి వారాల్లో సాయంత్రం కొలిచిన నడుము మనిషిని అనవసరంగా నిరుత్సాహపరుస్తుంది.

డైరీ చూస్తే విషయం బయటపడింది. ఆయన పాత భోజనంలో ఒక్క ముద్ద కూడా మార్చలేదు. దానికి పైన రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు, పొద్దున "హై ఫైబర్" అని ముద్రించిన తీపి సీరియల్ ఒక గిన్నె, సాయంత్రం మామూలు బిస్కెట్లతో పాటు పీచు బిస్కెట్లు నాలుగు చేర్చారు. పీచు 29 గ్రాములకు వచ్చింది, క్యాలరీలు 2,600కు వెళ్లాయి. ఆ బిస్కెట్ల పొట్లం తీసుకురమ్మని అడిగి వెనుక వైపు అక్షరాలు చదివాను. గోధుమ తవుడు చివరిలో ఎక్కడో ఉంది. పీచులో ఎక్కువ భాగం చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ (ఇన్సులిన్ కాదు, ఒక రకం పీచు). అది పెద్దపేగులోని బ్యాక్టీరియా చేతిలో చాలా వేగంగా పులుస్తుంది, గాలి తయారవుతుంది. ఇసబ్‌గోల్ అంతగా పులియదు, అది నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బుతుంది. ఈయన దాన్ని అర గ్లాసు నీళ్లతో మింగుతున్నారు, అది ఏమాత్రం చాలదు. నీళ్లు చాలకపోతే అదే పొట్టు మలబద్ధకానికి దారితీస్తుంది, అరుదుగా గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది కూడా.

ఇందులో రోగి తప్పు లేదు. పీచు పెంచమని చెప్పింది నేను, దేని స్థానంలో పెంచాలో చెప్పనిదీ నేనే. 13 నుంచి 30కి ఎన్ని వారాల్లో వెళ్లాలో చెప్పలేదు, నీళ్ల మాట ఎత్తలేదు. ఆయన నా మాటను అక్షరాలా పాటించారు.

పొడిలో ఉన్న పీచు, తిండిలో ఉన్న పీచు

పీచు పొట్ట కొవ్వును కరిగించదు. కొవ్వు కణం దాకా వెళ్లి పనిచేసే గుణం దానికి లేదు. చిన్నపేగులో జీర్ణం కాకుండా మిగిలిపోవడమే దాని లక్షణం. అది చేసే మేలంతా పరోక్షంగానే జరుగుతుంది, ఆ పరోక్ష మార్గాల్లో అన్నిటికన్నా పెద్దది మనిషి తక్కువ తిని ఆగిపోవడం.

దీన్ని నాకు బాగా అర్థం చేయించినది 1977లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగం. ఒకే మొత్తం పిండిపదార్థం ఉండేలా ఆపిల్ పండ్లను మూడు రూపాల్లో, అంటే ముక్కలుగా, మెత్తటి గుజ్జుగా, రసంగా, పదిమందికి ఇచ్చారు. రసం తాగడం పండు తినడం కన్నా పదకొండు రెట్లు వేగంగా, గుజ్జు కన్నా నాలుగు రెట్లు వేగంగా ముగిసింది. కడుపు నిండిన భావన రసంతో అన్నిటికన్నా తక్కువగా, పండుతో అన్నిటికన్నా ఎక్కువగా కలిగింది. ఇన్సులిన్ రసం తరువాత, గుజ్జు తరువాత, పండు తిన్నప్పటి కన్నా ఎక్కువగా పెరిగింది. గుజ్జు సంగతి గమనించండి: అందులో పీచు ఎక్కడికీ పోలేదు, మొత్తం అలాగే ఉంది, నలిగిపోయిందంతే. ఆ నలగడం వల్లనే సగం గుణం పోయింది. పీచు ఎన్ని గ్రాములు ఉందన్నదొక్కటే చూస్తే ఈ తేడా కనిపించదు. ధాన్యపు గింజ, పప్పు గింజ, పండు కండ తమ కణాల గోడలతో సహా నోటికి వస్తున్నాయా లేదా అన్నది కూడా చూడాలి. గోడలు చెదరని ఆహారాన్ని నమలాలి, నమలడానికి సమయం పడుతుంది, ఆ సమయంలో కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరుతుంది. ఎనిమిది నిమిషాల్లో భోజనం ముగించే మనిషికి ఆ కబురు అందేసరికి కంచం ఖాళీ అయిపోతుంది.

కడుపులోకి వెళ్లిన తరువాత జరిగేది మరొకటి. ఓట్స్, బార్లీ, చిక్కుడు గింజలు, పప్పులు, కొన్ని పండ్లలో ఉండే జిగురు పీచు ఆహారాన్ని చిక్కబరుస్తుంది, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, గ్లూకోజు రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా నిదానంగా చేరుతుంది. పెద్దపేగుకు చేరిన పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. పేగు గోడలోని కొన్ని కణాలు వీటికి స్పందించి ఆకలిని అణచే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లను విడుదల చేస్తాయి. ప్రయోగశాలల్లో ఇది బాగా కనిపిస్తుంది. మనిషి భోజనంలో దీని వాటా నమలడం, కడుపు నిండడం, మైదాకు చోటు లేకపోవడం కన్నా పెద్దదని నేను అనుకోను.

పొడి రూపంలో జిగురు పీచును మామూలు భోజనానికి చేర్చి చేసిన 62 పరీక్షలను కలిపి విశ్లేషించిన వ్యాసం ఒకటి 2020లో వచ్చింది. క్యాలరీలు తగ్గించమని చెప్పకుండా ఇచ్చినప్పుడు సగటున బరువు 0.33 కిలోలు, నడుము 0.63 సెంటీమీటర్లు తగ్గాయి. తగ్గుదల నిజమే, కానీ అరంగుళంలో సగం మాత్రమే. పొట్ట తగ్గాలని ఇసబ్‌గోల్ డబ్బాలు కొనేవారికి ఈ అంకె ముందే చెప్పాలని నా అభిప్రాయం.

రెండో ప్రణాళిక

ఇసబ్‌గోల్, సీరియల్, పీచు బిస్కెట్లు మూడూ ఆపించాను. క్యాలరీలు లెక్కపెట్టమనలేదు. తీసివేసే పదార్థం పేరు, దాని చోటులోకి వచ్చే పదార్థం పేరు జంటగా రాసి ఇచ్చాను. ఆ జంటలో మొదటిది తీయకుండా రెండోది తినకూడదన్నది ఒక్కటే షరతు. రెండు వారాలకు ఒక జంట చొప్పున మొదలుపెట్టాం.

మొదటి జంట ఉదయానిది. పండ్ల రసం స్థానంలో తొక్కతో సహా పండు, మైదా స్థానంలో పగలగొట్టని లేదా ముతకగా పగలగొట్టిన ఓట్స్. 100 గ్రాముల పొడి ఓట్స్‌లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. ఆయన తినేది 50 గ్రాములు.

రెండో జంట మధ్యాహ్న భోజనానిది, ఫలితంలో పెద్ద వాటా దీనిదే. కంచంలో ధాన్యం సగానికి తగ్గించి, ఆ ఖాళీ అయిన చోటులో ఉడికించిన శనగలో, చిక్కుడు గింజలో, పొట్టు తీయని పప్పో ఒక గిన్నెడు, కూరగాయలు మరో గిన్నెడు. 100 గ్రాముల ఉడికిన శనగల్లో సుమారు 7.5 గ్రాములు, పప్పులో 8 గ్రాముల దాకా పీచు ఉంటుంది, దాంతోపాటు మాంసకృత్తులూ వస్తాయి. అదే బరువు ఉడికిన తెల్లటి ధాన్యంలో అర గ్రాము కూడా ఉండదు. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించమన్నాను. గ్యాస్‌కు కారణమయ్యే రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లతో పోతాయి. మొదటి వారం గిన్నెడు కాదు, మూడు చెంచాలతో మొదలుపెట్టారు. వారానికి నాలుగైదు గ్రాములకు మించి పీచు పెరగకుండా చూసుకున్నాం. ముందు కూరగాయలు, గింజలు తిని చివర్లో ధాన్యం తినమని కూడా చెప్పాను. భోజనం సమయం రెండు వారాల్లో ఎనిమిది నిమిషాల నుంచి పద్దెనిమిదికి వెళ్లింది. నిదానంగా తినమని నేను చెప్పలేదు. నమలవలసిన తిండి కంచంలోకి రాగానే అది తనంతట అదే జరిగింది.

మూడో జంట సాయంత్రానిది. బిస్కెట్ల స్థానంలో పిడికెడు బాదం గింజలో, వేయించిన శనగలో. ఇది అన్నిటికన్నా కష్టమైంది. ఆఫీసులో అందరి మధ్యా తిరిగే బిస్కెట్ల పళ్లేన్ని కాదనడానికి ఆయనకు చాలా వారాలు పట్టింది, ఇప్పటికీ కొన్ని రోజులు కుదరదు. వాటి గురించి నేను ఎప్పుడూ మందలించలేదు.

ఏడాదిలో కనిపించిన మార్పు

పన్నెండో వారంలో బరువు 79.3 కిలోలు, నడుము 101.5 సెంటీమీటర్లు. డైరీ ప్రకారం పీచు 27 గ్రాములు, క్యాలరీలు 1,950. నాలుగో వారంతో పోల్చి చూడండి: అప్పుడు పీచు 29 గ్రాములు, నడుము 105.5. పీచు రెండు గ్రాములు తగ్గింది, నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. ఈ రెండు డైరీలను పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను, "అంటే నేను తినడం మానేసినవే పని చేశాయన్నమాట" అన్నారు. కొంతవరకు అది నిజం. కానీ తినడం మొదలుపెట్టినవి లేకపోతే ఆకలి లేకుండా అవి మానేయడం ఆయనకు సాధ్యమయ్యేది కాదు. గతంలో రెండుసార్లు కేవలం తక్కువ తిని బరువు తగ్గాలని ప్రయత్నించి, సాయంత్రం ఆకలికి తట్టుకోలేక మూడో వారంలోనే విరమించుకున్నానని ఆయనే చెప్పారు.

ఇరవై నాలుగో వారంలో పీచు 33 గ్రాములు, బరువు 76.6, నడుము 98. ఆ తరువాత వెనుకడుగు పడింది. పనిలో ఒత్తిడి పెరిగి, ఇంటి భోజనం తగ్గి, నానబెట్టే పని మానేసి, ముప్పై ఆరో వారానికి పీచు 20 గ్రాములకు పడిపోయింది, బరువు 77.4కు, నడుము 99కి పెరిగాయి. ఈ దశలో కొత్త సలహాలేవీ ఇవ్వలేదు. వారానికి ఒకరోజు ఎక్కువ మొత్తంలో గింజలు నానబెట్టి, ఉడికించి, చిన్న చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకునే పద్ధతి ఇంట్లోవాళ్లే ఆలోచించారు. సమస్య తెలియకపోవడం కాదు, సిద్ధంగా లేకపోవడం. అది సిద్ధం చేసుకోగానే మధ్యాహ్నపు గిన్నె తిరిగి కంచంలోకి వచ్చింది.

యాభై రెండో వారంలో బరువు 75.4 కిలోలు, అంటే మొదటి బరువులో 7.5 శాతం తగ్గుదల. బీఎంఐ 26.7. నడుము 96.5. పీచు 32 గ్రాములు, క్యాలరీలు 1,980. రక్తపోటు 126/80, పరగడుపు గ్లూకోజు 98, హెచ్‌బీఏ1సీ 5.6, ట్రైగ్లిజరైడ్లు 146, ఏఎల్‌టీ 36. హెచ్‌డీఎల్ మాత్రం 37 నుంచి 39కే పెరిగింది. మెటబాలిక్ సిండ్రోమ్ అయిదు అంశాల్లో ఇప్పుడు హద్దు దాటి ఉన్నవి రెండు, నడుము, హెచ్‌డీఎల్.

దీన్నంతా పీచు ఖాతాలో వేయవచ్చునా

వేయకూడదు. పదో వారం నుంచి ఆయన తనంతట తానే రోజూ 25 నిమిషాలు నడవడం మొదలుపెట్టారు. క్యాలరీలు దాదాపు 370 తగ్గాయి, తీపి పానీయం పోయింది, మాంసకృత్తులు పెరిగాయి. వీటిలో దేని వల్ల ఎంత తగ్గిందో ఒక్క మనిషిని చూసి విడదీయడం కుదరదు. పోల్చుకోవడానికి ఒక అంకె మాత్రం చెప్పగలను: పీచు మీద జరిగిన పరీక్షలను సమీక్షించిన 2001 నాటి వ్యాసంలో, రోజుకు అదనంగా 14 గ్రాముల పీచు తీసుకున్నప్పుడు తినే క్యాలరీలు సగటున 10 శాతం తగ్గినట్టు, సుమారు 3.8 నెలల్లో 1.9 కిలోల బరువు తగ్గినట్టు లెక్కగట్టారు. మా రోగి అదనంగా తీసుకున్నది 19 గ్రాములు, తగ్గింది 6.1 కిలోలు. పీచుకు దక్కవలసిన వాటా సగానికి లోపే ఉంటుందని నా అంచనా. తక్కినదాంట్లో నడకకు, రసం మానేయడానికి పెద్ద వాటా ఉంది.

లోపలి కొవ్వు విషయానికి వస్తే, 1,114 మందిని అయిదేళ్లు గమనించి, మొదట్లోనూ చివర్లోనూ సీటీ స్కాన్‌తో పొట్ట కొవ్వును కొలిచిన అధ్యయనం ఒకటి 2012లో ప్రచురితమైంది. నీటిలో కరిగే పీచు రోజుకు 10 గ్రాములు ఎక్కువగా తిన్నవారిలో లోపలి కొవ్వు పేరుకునే వేగం 3.7 శాతం తక్కువగా ఉంది. చర్మం కింది కొవ్వులో అలాంటి తేడా కనిపించలేదు. అదే అధ్యయనంలో ఓ మోస్తరు శారీరక శ్రమ పెరిగినవారిలో ఆ వేగం 7.4 శాతం తక్కువగా ఉంది. ఇది గమనించి చెప్పినదే తప్ప, కారణాన్ని నిరూపించినది కాదు. పీచు ఎక్కువ తినేవారికి మరెన్నో మంచి అలవాట్లు ఉండవచ్చు. అయినా పీచూ శ్రమా కలిసి ఒకే దిక్కుకు లాగుతున్నాయన్న సంగతి మా రోగి కొలతలతో సరిపోతుంది.

మేము సీటీ స్కాన్ చేయించలేదు. కేవలం కొలత కోసం ఆ రేడియేషన్ ఇవ్వడం నాకు సమంజసంగా తోచలేదు. కాబట్టి తగ్గిన 7.5 సెంటీమీటర్లలో లోపలి కొవ్వు ఎంత, పైకొవ్వు ఎంత అన్నది చెప్పలేను. ట్రైగ్లిజరైడ్లు, ఏఎల్‌టీ రెండూ కలిసి తగ్గడం వల్ల లోపలిది గణనీయంగానే తగ్గి ఉంటుందని నమ్ముతున్నాను. డైరీ అంకెలు కూడా రోగి రాసినవి, తిన్నదానికన్నా తక్కువ రాయడం అందరికీ సహజం. అందుకే క్యాలరీల అంకెను కాక, ఒక సందర్శనకూ మరో సందర్శనకూ వచ్చిన తేడాను చూడమని కోరుతున్నాను.

ఇదే ప్రణాళికను అందరికీ ఇవ్వను. పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉన్నవారికి, ఇటీవల పేగు శస్త్రచికిత్స అయినవారికి, పేగు పూత ఉధృతంగా ఉన్న సమయంలో పీచు పెంచడం ప్రమాదకరం. థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ వేసుకునేవారు మాత్రకూ పీచు పొడికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడుతున్నవారిలో ధాన్యం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు. ముందు మందు మోతాదు చూసుకోవాలి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారిలో, మలంలో రక్తం కనిపించినవారిలో పీచు మాట తరువాత, ముందు పరీక్షలు.

గత సందర్శనలో నడుము, ఎత్తుల నిష్పత్తి 0.57. 0.5కు రావాలంటే నడుము 84 కావాలి, అది దగ్గరలో లేదు. వచ్చే ఆరు నెలలకు 93 అని రాసుకున్నాం. ఎల్‌డీఎల్ 138 నుంచి 129కి మాత్రమే దిగింది. ఇసబ్‌గోల్ తిరిగి మొదలుపెట్టమంటారా అని ఆయన అడిగారు. పొట్ట కోసమైతే వద్దన్నాను. ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గించే గుణం దానికి నిజంగానే ఉంది కాబట్టి, వచ్చే రక్తపరీక్షలో ఆ అంకె ఇలాగే ఉంటే అప్పుడు దాని కోసం ఇస్తాను, ఈసారి నిండు గ్లాసు నీళ్లతో.